జాకెట్టు లోపల కురిసిన వాన

వానలో తడవడం పెద్ద విశేషమేమీ కాదు. విజయవాడలో పెరిగిన ప్రతివాళ్లూ ఏదో ఒక శ్రావణంలో నిలువునా తడిసినవాళ్లే. కానీ ఒక్క వాన చుక్క ఒంటిమీద పడకుండా, గొడుగు లేకుండా నడిచొచ్చినవాళ్లకంటే ఎక్కువగా, పిండితే బకెట్టు నిండేలా తడిసినవాళ్లు మా ఊళ్లో నాకు తెలిసి నేనొక్కదాన్నే. ఆ ఘనత ఎలా సంపాదించానో, దానివల్ల నా సైకిలు చేజారిపోయేంత పనై చివరికి ఎలా దక్కిందో చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరు కొత్తగా చేరితే నాకు పోయేదేమీ లేదు.

తొంభైల నడిమి మాట. బీయీడీ ముగించి పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఇల్లేమో భవానీపురంలో. ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర ఉద్యోగం. మా అబ్బాకి వన్‌టౌన్‌లో తాళాల దుకాణం ఉండేది. మాది ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబం. కోపం వస్తే మాత్రం అమ్మీ రెండూ కలిపి వాడేది.

సిటీ బస్సులో ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియని ఆ ప్రయాణం కొన్నాళ్లు చేశాక నాకు విసుగొచ్చి సైకిలు కొనుక్కున్నాను. ఆకాశం రంగు లేడీస్ సైకిలు. దానిమీద బందరు రోడ్డులో బెల్లు కొట్టుకుంటూ వెళ్తుంటే కృష్ణా జిల్లా కలెక్టరు కూడా పక్కకి తప్పుకోవాలనిపించేది నాకు. తప్పుకునేవాళ్లు కాదనుకోండి, అది వేరే సంగతి.

ఈ సైకిలంటే బొత్తిగా గిట్టనివాడు మా అమ్మీకి అన్నయ్య, జబ్బార్ మామూ. ఆయనకో స్కూటరుండేది. ప్రపంచంలో చక్రాలున్న వస్తువు అదొక్కటే అన్నట్టు మాట్లాడేవాడు. ఆడపిల్లకి సైకిలేమిటి, బందరు రోడ్డు మీద లారీలేమిటి, ఆటో మాట్లాడతానంటే వినరేమిటి అని వచ్చినప్పుడల్లా ఒకటే పాట. జూలైలో మొదటి పెద్ద వాన పడిననాడు నేను ముద్దగా తడిసి, ఆ తడి బట్టలతోనే సాయంత్రం దాకా పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి జ్వరంతో మంచమెక్కాను. మామూకి పండగొచ్చినట్టయింది. పరామర్శకి యాపిల్ పళ్లతో పాటు తీర్పు కూడా తెచ్చాడు. సైకిలు మా ఇంటికి పంపేయండి, మా అమ్మాయి రుబీనా కాలేజీకి పనికొస్తుందన్నాడు.

మా అబ్బా ఎవరినీ నొప్పించలేని మనిషి. మామూనీ నొప్పించలేడు, నన్నూ నొప్పించలేడు. అందుకని ఆలోచించి ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు.

"తడవకుండా వెళ్లిరాగలిగితే నీ ఇష్టం, ఎన్నాళ్లైనా తొక్కుకో. ఇంకోసారి తడిసి ఇంటికొచ్చావంటే మాత్రం సైకిలు మామూ వాళ్లింటికి పోతుంది" అన్నాడు.

వానాకాలం పూర్తిగా ముందుంది. నేను వెంటనే ఆయుధాల వేటలో పడ్డాను. ఒంటి చేత్తో గొడుగు పట్టుకుని తొక్కితే బెంజి సర్కిల్ దగ్గర గాలికి గొడుగు తిరగబడి తామర పువ్వులా విచ్చుకుంది. అబ్బా పాత రెయిన్‌కోటు వేసుకుంటే దాని అంచు చైనులో పడి కాళేశ్వరరావు మార్కెట్ ముందు నన్నూ సైకిల్నీ కలిపి కట్టేసింది. అప్పుడే మా స్కూలు లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాను. ఎవరో దొరసాని, పసుపుపచ్చ వాటర్‌ప్రూఫ్ జాకెట్టు నడుం దాకా వేసుకుని, జోరువానలో నవ్వుతూ సైకిలు తొక్కుతోంది. ఆ నవ్వు చూశాక నాకింక నిద్ర పట్టలేదు.

మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పే విజయలక్ష్మి గారిని తోడు తీసుకుని బీసెంటు రోడ్డుకి బయల్దేరాను. మొదటి దుకాణంలోకి వెళ్లి వాటర్‌ప్రూఫ్ జాకెట్టు కావాలని అడిగాను. కౌంటరు వెనకాయన కాసేపు ఆలోచించి, తన వెనక బీరువాలోంచి జాకెట్టు ముక్కల కట్టలు దించడం మొదలుపెట్టాడు. టూబైటూ, పాప్లిన్, సిల్కు, అన్నీ బల్లమీద పరిచాడు. ఆ తర్వాత చాలా నిజాయితీగా చెప్పాడు.

"వాటర్‌ప్రూఫ్ అని గ్యారంటీ ఇవ్వలేనమ్మా. రంగు మాత్రం పోదు."

విజయలక్ష్మి గారు కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తారు. చీర మీదకి కాదండీ, సైకిలు మీదకి అని చెబుదామని నోరు తెరిచి, చెబితే ఇంకా చెడుతుందని మూసుకుని నేనూ ఆవిడ వెనకే వచ్చేశాను.

గవర్నర్‌పేటలో వానకోట్లు అమ్మే దుకాణం దొరికింది. అక్కడ రెండు జాకెట్లు చూపించారు. ఒకటి పల్చగా, తేలిగ్గా ఉంది. చంకల కింద చిన్న చిన్న చిల్లులు, వీపు మీద ఒక రెక్క, దాని కింద వల గుడ్డ. రెండోది దుప్పటంత మందం, లోపలంతా రబ్బరు పూత, మెడ దాకా జిప్పు, మణికట్లకి ఎలాస్టిక్. దుకాణదారు దాని చేతులు ముడివేసి, సంచీలా పట్టుకుని, బిందెడు నీళ్లు పోశాడు. చుక్క కారలేదు. నీళ్లు చేపల తొట్టెలో ఉన్నట్టు కులాసాగా ఊగాయి.

విజయలక్ష్మి గారు మొదటిదే బాగుందన్నారు, గాలి ఆడుతుందన్నారు. నేను జాలిగా చూశాను. ఆవిడ ఇంగ్లీషు టీచరు కదా అనుకున్నాను.

"గాలి వచ్చే దారిలో నీళ్లు రావా అండీ? చిల్లున్నది తెచ్చుకుని వానలోకి వెళ్తే ఎవరైనా నవ్వుతారు" అన్నాను.

పైగా పుస్తకాల సంచీ కూడా లోపల పట్టాలని నా కొలతకంటే బాగా పెద్దది తీసుకున్నాను. వేసుకుని అద్దంలో చూసుకుంటే నేను కనిపించలేదు, జాకెట్టే కనిపించింది. అయినా ఆ దొరసాని నవ్వు ఒకటి నవ్వాను.

మరుసటి వారం ఉదయం వాన దంచింది. వీధిలో అందరూ అరుగుల మీద చేరి చూస్తుండగా, జిప్పు గడ్డం దాకా లాగి, యుద్ధానికెళ్లే నవాబులా బయల్దేరాను. వన్‌టౌన్ దాటేవరకూ నా అంత సుఖపడ్డవాళ్లు లేరు. బస్టాండు దగ్గరికొచ్చేసరికి కాస్త వెచ్చగా అనిపించింది. బందరు రోడ్డెక్కాక, నేను సైకిలు మీద ఉన్నానా, ఆవిరి కుడుము గిన్నెలో ఉన్నానా తెలియలేదు. మన విజయవాడ ఉక్క సంగతి మీకు తెలుసు. వాన పడుతున్నా ఒళ్లు కాగే ఊరు. ఆ ఉక్కకి రబ్బరు మూత పెట్టి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి, ఊరంత దూరం తొక్కించారనుకోండి, ఏమవుతుందో అదే అయింది.

స్టాఫ్ రూములో జిప్పు తీశాను. కమీజు ఒంటికి అతుక్కుపోయింది. దుపట్టా పిండితే ధార కట్టింది. ఎలాస్టిక్ వదులు చెయ్యగానే చేతుల్లోంచి నీళ్లు జారాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కారే జాకెట్టు అంటగట్టాడు, సాయంత్రం వెళ్లి ఆ దుకాణం ముందు నిలబడి గవర్నర్‌పేటంతా వినబడేలా అడుగుతాను అని రంకెలు వేస్తున్నాను. తడిసిన గొడుగు మడుచుకుంటూ విజయలక్ష్మి గారు వచ్చారు. ఆవిడ రిక్షాలో వచ్చారు, నాకంటే పొడిగా ఉన్నారు. జాకెట్టు తిరగేసి చూశారు. నా చెయ్యి పట్టుకుని చూశారు.

"ఒకసారి ఆ నీళ్లు నాలిక్కి తగిలించి చూడండి" అన్నారు నెమ్మదిగా. "వాన నీళ్లు ఉప్పగా ఉండవు కదండీ."

చూశాను. బందరు సముద్రమంత ఉప్పగా ఉంది.

ఆ క్షణంలో నేనేం చేయాలి? తప్పు ఒప్పుకుని ఆ చిల్లుల జాకెట్టు తెచ్చుకోవాలి. కానీ రోజూ పిల్లల తప్పులు దిద్దేవాళ్లకి సొంత తప్పు దిద్దుకోవడం అంత తేలికా? మొండికేసి అదే వేసుకుని తిరిగాను. వాన లేని సాయంత్రాలు ఇంటికి పొడిగానే చేరుతున్నాను కాబట్టి అమ్మీకి అనుమానం రాలేదు. వాసన మాత్రం వచ్చింది. చేపల మార్కెట్టు మీదుగా వస్తున్నావా అని అడిగింది.

దాంతో జాకెట్టు సంరక్షణ అనే రెండో అధ్యాయం మొదలైంది. కాగే నీళ్లలో గుప్పెడు గుప్పెడు సబ్బు పొడి పోసి నానబెట్టాను. తర్వాత బట్టల బ్రష్షు తీసుకుని లోపలివైపు రుద్దడం మొదలుపెట్టాను. పొరలు పొరలుగా ఏదో ఊడి వస్తోంది. ఎంత మురికి పట్టిందో చూడమని అమ్మీని పిలిచి చూపించాను. నా శ్రమ ఫలిస్తోందన్న ఉత్సాహంతో ఇంకా గట్టిగా, ఆఖరి పొర ఊడేదాకా రుద్దాను. ఆనక మేడ మీద నిలువెండలో ఆరేశాను. మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. నేను రుద్ది పారబోసింది మురికి కాదు, వాటర్‌ప్రూఫ్.

తర్వాతి చినుకులకే సంగతి తెలిసిపోయింది. భుజాల మీద పడిన చుక్క పడినట్టే లోపలికి వచ్చేసింది. గుడ్డ మందం మాత్రం అలాగే ఉంది కాబట్టి లోపలి ఉక్క కూడా ఎక్కడికీ పోలేదు. బయటి వానా, లోపలి వానా ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి. సరే, రేపు తప్పక గవర్నర్‌పేట వెళ్లి ఆ చిల్లులదే తెచ్చుకుంటాననుకున్నాను. ఆ రేపటికి ముందున్న సాయంత్రమే స్కూలు గేటు దగ్గర స్కూటరు స్టాండు వేసి జబ్బార్ మామూ నిలబడి ఉన్నాడు. ఆకాశం బొగ్గులా నల్లబడి ఉంది.

తనూ మా ఇంటికే వస్తున్నానన్నాడు. నీ వెనకే వస్తాను, నీ జాకెట్టు ప్రతాపం చూస్తాను, తడిస్తే ఈ రాత్రికే సైకిలు తీసుకెళ్తానన్నాడు. మరి మీరు తడవరా మామూ అంటే, స్కూటరు వేగానికి వాన చుక్క నామీద ఆగనే ఆగదన్నాడు. సాకు ఏదీ దొరకలేదు. ఆ ఉత్త గుడ్డ తొడుక్కుని, రాబోయే వానకీ పోబోయే సైకిలుకీ సలాం చెప్పుకుని బయల్దేరాను.

బస్టాండు దాటగానే కుండపోత మొదలైంది. నేను క్షణంలో నానిపోయాను. జాకెట్టు పైనుంచి చూస్తే లోపలి సంగతి తెలియదు కదా అన్నదొక్కటే ఆశ. వన్‌టౌన్‌లోకి పోయే రైలు వంతెన కింద అప్పటికే మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మామూ నన్ను దాటి, గర్వంగా ఒకసారి వెనక్కి చూసి, ఆ నీళ్లలోకి స్కూటరు దూకించాడు. నడిమధ్యకి వెళ్లాక అది రెండుసార్లు దగ్గి ప్రాణం విడిచింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు. నీళ్లు చిందాయి తప్ప ఇంజను చప్పుడు రాలేదు. నేను నెమ్మదిగా తొక్కుకుంటూ వెళ్లి ఆయన పక్కన దిగాను. సైకిలుకి ఇంజను లేకపోవడంలోని మహిమ నాకు ఆనాడు బోధపడింది.

ఇద్దరం కలిసి స్కూటరు నెట్టి గట్టెక్కించాం. మామూ టోపీ నుంచి బూట్ల దాకా కారిపోతున్నాడు. తుమ్మాడు. నా వైపు చూశాడు.

"ఆ జాకెట్టు ఇటివ్వు. నాకు జలుబు పడదు, నీకు తెలుసుగా" అన్నాడు.

నా ఇరకాటం చూడండి. ఇది కారుతుంది మామూ అంటే సైకిలు పోతుంది. ఇవ్వనంటే పెద్దవాళ్లంటే గౌరవం లేనిదాన్నవుతాను. మారుమాట లేకుండా విప్పి ఇచ్చేశాను. నా బట్టలు తడిగా ఉండటం చూస్తాడేమోనని వణికాను కానీ, నా చేతిలోంచి అది అందుకునేలోపే వాన నన్ను ఇంకో నాలుగుసార్లు తడిపింది. ఇంక ఏ తడి ఎప్పటిదో ఎవరు చెప్పగలరు? దాని మందం చూసి మామూ తృప్తిగా జిప్పు పైకి లాక్కున్నాడు. భవానీపురం దాకా ఆయన స్కూటరు నెట్టుకుంటూ, నేను సైకిలు నడిపించుకుంటూ నడిచాం. దారి పొడవునా ఆయన ముఖం రంగులు మారడం ఓరగా గమనిస్తూనే ఉన్నాను. మొదట సందేహం, తర్వాత ఆశ్చర్యం, తర్వాత ఉడుకు.

గుమ్మంలో అమ్మీ తువ్వాళ్లతో ఎదురొచ్చింది. మామూ జాకెట్టు విప్పి నేలమీద కొట్టాడు. నీళ్లు గడప దాకా పారాయి.

"దీన్నా మీరు వాటర్‌ప్రూఫ్ అంటారు? చూడండి, నేనెలా తడిశానో. మీ అమ్మాయీ తడిసింది. మాట ప్రకారం సైకిలు ఇచ్చేయండి."

అమ్మీ అన్నగారిని పైనుంచి కిందకి చూసింది.

"పిల్ల ఎందుకు తడిసింది భాయ్? ఒంటిమీది జాకెట్టు తీసి నీకిచ్చింది కాబట్టి. దానికి శిక్షా?" అంది. అప్పుడు ఉర్దూ కూడా కలిసింది, అది రాయను.

అందరం అబ్బా వైపు తిరిగాం. ఎవరినీ నొప్పించని మా అబ్బా చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. గుమ్మం బయట కారుతూ నిలబడ్డ స్కూటరునీ, దాని పక్కన స్టాండు మీద దర్జాగా నిలబడ్డ సైకిల్నీ చూశాడు.

"మాటంటే మాటే జబ్బార్ భాయ్, నేను కాదనను" అన్నాడు. "తడిసి ఇంటికొచ్చినవాళ్ల బండి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలంటే, రేపు నీ స్కూటరు కూడా మా అమ్మాయికి రాయాల్సి వస్తుంది. ఆలోచించి చెప్పు."

మామూ ఆలోచించాడు. తుమ్మాడు. తువ్వాలు అడిగాడు. అమ్మీ అల్లం టీ పెట్టింది. సైకిలు ప్రస్తావన మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో తడిసి ఇంట గెలిచాను.

ఆ వారంలోనే చిల్లుల జాకెట్టు తెచ్చుకున్నాను. గాలి లోపలికి వచ్చింది, వాన రాలేదు. చల్లటి నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడన ఆరేసి, మడతపెట్టకుండా చిలక్కొయ్యకి తగిలించి ఏళ్ల తరబడి వాడాను. నన్ను చూసి స్కూల్లో మరో ముగ్గురు టీచర్లు సైకిళ్లెక్కారు. వాళ్ల జాకెట్లన్నీ నేనే ఎంచిపెట్టాను. ఎంతటిదాన్నయ్యానంటే, మరుసటి వానాకాలానికి జబ్బార్ మామూ స్వయంగా ఇంటికొచ్చి, గొంతు తగ్గించి, స్కూటరు మీద వేసుకోవడానికి మంచి జాకెట్టు ఏదమ్మా అని నన్ను అడిగాడు. దుకాణానికి తీసుకెళ్లి, ఆయన చెయ్యి పైకెత్తించి, చంక కింద చిల్లులు చూపించి మరీ కొనిపించాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, లెక్కల పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. వాన కోసం ఏ వస్తువు కొన్నా, పైనుంచి బిందెడు నీళ్లు పోయించి చూసి మురిసిపోను. దాని లోపల నేను కూడా ఉంటానన్న ముక్క ఈ జన్మలో మరచిపోను.