పచ్చ జూలు సింహం

పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసే ఆమెకు కాస్త తీరిక దొరికితే చాలు, చేతిలో ఊలు అల్లే క్రోషా సూది ఉండాల్సిందే. కథల్లోని సింహం, నక్క, కాకి వేలికి తొడిగేంత బొమ్మలై పుట్టుకొచ్చేవి. కుర్చీ ఎక్కనని మారాం చేసే పిల్లలు వాటిని చూసి నోరు తెరిచేవారు. విప్పి ఊలు తీసుకోవడానికి పాత స్వెటర్లు మూటకట్టి పంపేది అక్కే.

ఆ రోజు పన్నునొప్పితో అక్క వచ్చింది. బొమ్మల బుట్టలోని సింహాన్ని చూడగానే బుగ్గ మీది చెయ్యి తీసేసింది.

"ఈ పచ్చ జూలు అమ్మ శాలువాది కదే?"

"ఏ శాలువా? చిరుగులదా? నీ మూటలోదేగా అక్కా, విప్పేశాను."

"నీ మొహం! చిరుగులు కలుపుతావని పంపానే!"

"చెబితే కదా!"

"అమ్మ శాలువా అని కూడా చెప్పాలా?"

అమ్మ చివరి రోజులు అక్క ఇంట్లో గడిచాయి. ఆ శాలువాను అమ్మ ఒంటిమీద చెల్లెలు ఎప్పుడూ చూడనేలేదు.

"ఊలు ఇంకా ఉందక్కా. మళ్లీ అల్లేస్తాను."

అక్క సింహాన్ని ముక్కుకు ఆనించుకుంది.

"అమ్మ వాసన రావట్లేదేమే?"

"విప్పిన ఊలు మెలికలు పోవాలని సబ్బునీళ్లలో నానబెట్టి..."

లోపలినుంచి డాక్టరు పిలుస్తున్నా ఇద్దరూ కదల్లేదు.