కుడివైపుకు జారిన అల

వాక్కుకు రూపమిచ్చిన తల్లికీ, ఆ రూపాన్ని కంటికి చూపిన వెలుగుకూ నమస్కరించి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి నాడు, శామీర్‌పేటలోని మా ఇంటి వరండాలో కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముసురు పట్టిన ఉదయం. అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం మీట నొక్కగానే కీచుమని ఒక్క కూత కూసింది. నల్లని తెర మీద పసుపుపచ్చని గీత తళుక్కున మెరిసి నిలిచింది. నిరుడైతే ఈ వేళకు నా గొంతు వినబడితే చాలు, ప్రహరీ అవతలి నుంచి "ఏంది పంతులూ, పొద్దుగాల్నే మొదలువెట్టిండ్రా?" అన్న గొంతు ఖంగున మోగేది. ఆ గొంతు పక్కింటి మాణిక్యమ్మగారిది. ఆమె లేని తొలి శ్రావణమిది. అయినా ఆ గీతను చూస్తే నా గుండె నేటికీ బడి విడిచిన పిల్లవాడిలా గంతులు వేస్తుంది.

యంత్రం పేరు ఆసిలోస్కోపు. తీగలో పారే విద్యుత్తు క్షణక్షణమూ ఎలా ఎగసి పడుతున్నదో తెర మీద అలగా గీసి చూపుతుంది. మైకు ధ్వనిని విద్యుత్తుగా మారుస్తుంది కనుక, మన గొంతుకూ అందులో అల కనిపిస్తుంది. పెద్ద ప్రయోగశాలల్లో ఉండేవి బల్లంతేసి ఉంటాయట. ఇది ఇంట్లో వాడుకునే చవకరకం. మాణిక్యమ్మగారు తుర్కపల్లిలోని ఒక మందుల ప్రయోగశాలలో కొలత పరికరాలను సరిచూసే విభాగానికి అధికారిణిగా పనిచేసి విరమించారు. మా కాలనీ వెలసిన నేల ఒకప్పుడు వారి పొలం. కొత్తగా గృహప్రవేశం చేసిన నాడు ఆమె మా ఇల్లంతా కలయతిరిగి, "పంతులూ, మీ పూజగది ఉన్న కాడ మా బర్రెలను కట్టేసేటోళ్లం. మంచి జాగనే దొరికింది మీ దేవునికి" అన్నారు. నా భార్య చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ క్షణం నుంచే ఆమెకు శిష్యుణ్ణయ్యాననుకుంటాను. ఆమె అన్నగారు స్థలాల వ్యాపారి. "మా అన్న కొలిస్తే గజాలు పెరుగుతయి, నేను కొలిస్తే పెరగయి. గందుకే మా ఇద్దరికీ పడది" అని ఆయన ఎదుటనే అనేవారు. ఆయనా నవ్వేవారు.

మేడ్చల్‌లోని మా కళాసమితి ఏటా శ్రావణంలో పౌరాణిక పద్యనాటకం ఆడుతుంది. అందులో వృద్ధరాజు వేషం నాది. నిరుడు ఆషాఢంలో, సాధన ముగిశాక, కార్యదర్శి నన్ను పక్కకు పిలిచారు. మా గుంటూరు సీమవాడే, మర్యాదస్థుడు.

"మాస్టారూ, అన్యథా భావించకండి. కందాలు, గీతాలు దివ్యంగా ఉన్నాయి. సీసం దగ్గరే... చివరికొచ్చేసరికి శ్రుతి జారుతోందండి. పద్యాలన్నీ వేరొకరి చేత పాడించి రికార్డు చేయిద్దాం. వేదిక మీద మీరు పెదవులు కదిపితే చాలు. వేషం మాత్రం మీదే!"

పెదవులు కదపడం! జీవితమంతా పద్యం చెప్పి, పద్యం నేర్పి, పద్యంతోనే బతికిన నోరు వేదిక మీద మూగనోరై ఆడాలి. అటువంటి కిరీటం పెట్టుకోవడం కంటే వేషం మానుకోవడమే మేలనిపించింది. ఇంతలో ఒక ఆశ తట్టింది. జారుతున్నది నా గొంతు కాదేమో, నాకు ఆధారంగా మోగే ఆ కరెంటు శ్రుతిపెట్టెయేమో! మరునాడు దానిని చంకన పెట్టుకుని మాణిక్యమ్మగారి వాకిట నిలిచాను.

ఆమె శ్రుతిపెట్టెలో పంచమాన్ని ఆపి, షడ్జాన్ని మాత్రమే మోగించి, తన ఆసిలోస్కోపు నుంచి వచ్చే ప్రోబు అనే కొలతతీగను దానికి తగిలించారు. తెర మీద అల లేచింది. అలకు అంచులు ఒక పక్కకు ఒరిగి, వానకు నానిన మట్టిగోడలా ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"చూశారా అమ్మా! వంకర! దోషం పెట్టెదే! ఈ మాట కార్యదర్శికి ఫోనులో చెప్పండి!"

ఆమె పగలబడి నవ్వారు. "ఆగుండ్రి పంతులూ. గవాహీ చెప్పెటోడు నిజం చెప్తడో లేదో సూడకముందే ఫైసలా చేస్తిరి!" సాక్షిని పరీక్షించకుండానే తీర్పు చెప్పేశానట.

ఆ యంత్రానికే ఒక పక్క చిన్న లోహపు కొక్కెం ఉంది. అందులోంచి అన్ని మూలలూ సమంగా ఉండే చతురస్రపు అల వస్తూ ఉంటుంది. ఆమె కొలతతీగను శ్రుతిపెట్టె నుంచి తీసి ఆ కొక్కేనికి తగిలించారు. ఆశ్చర్యం! ఆ చతురస్రమూ అదే తీరున ఒరిగి కనిపించింది.

"గిది సక్కటి అల అని మనకు ముందే తెలుసు. గిది గూడ వంకరనే కనవడ్డదంటే వంకర యాడుంది?"

"చూసేదానిలో," అన్నాను, చిన్న గొంతుతో.

"ఆఁ! ఇగ దీన్ని సరిజేద్దాం."

కొలతతీగ పిడిలో ఆవగింజంత మరమేకు ఉంది. దానిని తిప్పడానికి నేను ఇనుప స్క్రూడ్రైవరు అందించబోతే ఆమె నా చేతి మీద చిన్నగా తట్టారు. "ఇనుము దగ్గరికొస్తేనే అల మారుతది. తీసేస్తే ఇంకో తీరైతది. మనం సరిజేసినమో చెడగొట్టినమో తెల్వకుండ పోతది." అగరుబత్తి పుల్లను బ్లేడుతో చెక్కి, ఆ వెదురు మొనతో మేకును వెంట్రుకవాసి తిప్పసాగారు. తెర మీద ఒరిగిన గోడ మెల్లగా లేచింది. కొంచెం ఎక్కువై మూలన కొమ్ములు మొలిచాయి. వెనక్కి తిప్పారు. కొమ్ములు అణిగాయి. మూలలు నాలుగూ గీటుపెట్టినట్టు నిలిచాయి. ఛందస్సు కుదిరిన పాదం చెవికి ఎలా తోస్తుందో, నా కంటికి అది అలా తోచింది. ఈ వయసులో నేను చప్పట్లు కొట్టాను!

తిరిగి శ్రుతిపెట్టెకు తగిలించారు. అల నిటారుగా, నిశ్చలంగా నిలిచింది. ఆమె నా వైపు తిరిగారు.

"పెట్టె బంగారమే పంతులూ. ఇగ మీ గొంతు సూద్దాం."

నేను పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. అన్నం సయించలేదు. నిజం తెలిస్తే ఇక దాపరికం ఉండదు కదా అన్న భయం. మర్నాడు పొద్దున్నే ప్రహరీ మీదుగా ఆమె తల కనిపించింది. "భయమైతాందా? మా లాబులో మిషిన్లు గూడ పరీక్షకు భయపడకపోయేటివి. జల్దీ రాండ్రి, చాయ సల్లారుతాంది."

ఆ మాటకు నా భార్య నవ్వింది. నాకూ నవ్వాగలేదు. వెళ్ళాను. యంత్రానికి రెండు కొలతతీగలు. రెండవదానినీ వెదురుపుల్లతో సరిచేసి, ఒకటి శ్రుతిపెట్టెకు, ఒకటి నా మైకుకు కలిపారు. శ్రుతిపెట్టె అలను తెర మీద కదలకుండా నిలిపారు. "మీ అల గూడ కదలకుంట నిలవడితే శ్రుతిల ఉన్నట్టు. తగ్గితే కుడిదిక్కు నడుస్తది. నాకు సంగీతం రాదు. నేను నడకనే సూస్త."

సీసం ఎత్తుకున్నాను. నా గొంతు, ఇన్నేళ్ళుగా నేను విన్నదే తప్ప ఎన్నడూ కనని నా గొంతు, నీలిరంగు అలగా లేచి, పసుపు అల పక్కన శిలలా నిలిచింది! నా ఒళ్ళు పులకరించింది. ఆధారషడ్జం మీద ఆగిన ప్రతిచోటా అది నిలిచింది. చివరి పాదం ముగించి, షడ్జం మీద దీర్ఘంగా రాగం తీశాను. అప్పుడు కదిలింది. మొదట చీమలా, ఆపై నత్తలా, కుడివైపుకు.

"అంత మస్తుగుంది. తోక కాడ జారుతాంది. ఊపిరి అయిపోతాంది మీకు. నడుమల తీసుకోవద్దా?"

"అమ్మా, చివరి పాదమూ రాగమూ ఒకే ఊపిరిలో సాగాలి. అది మా గురువుగారి సంప్రదాయం."

"ఆయన మీకు నేర్పినప్పుడు ఎంత వయసుండె?"

"నలభై ఉంటాయేమో."

"మీకిప్పుడు?"

నేను మైకును అటూ ఇటూ తిప్పి చూశాను.

"నలభై ఏండ్ల ఛాతి కొలతను డెబ్బై ఏండ్ల ఛాతికి వెట్టుకుంటిరి. గా కొలతను గూడ ఒక్కపారి సరిజూసుకోవాలె గద పంతులూ! ఊపిరి తీసుకుంటే పాపమా ఏంది?"

గురువాక్యాన్ని మీరడం నాకు తెలియని విద్య. కాని ఆయన నిలబెట్టమన్నది శ్రుతిని. ఊపిరి దానికి సాధనం. సాధనాన్ని కాపాడుకుంటూ సాధ్యాన్ని జారవిడుస్తున్నానన్న మాట అప్పుడు వెలిగింది. పాదం ముగియగానే, రాగానికి ముందు, నిండుగా ఊపిరి పీల్చి మళ్ళీ ఎత్తుకున్నాను. అల కదలలేదు. రాగం సాగుతూనే ఉంది, అల నిలిచే ఉంది. "నిలవడ్డది! పంతులూ, నిలవడ్డది!" అని ఆమె కేక. ఆ కేకకు ఆమె అన్నగారు లోపలి నుంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, షాక్ కొట్టిందా?" అన్నారు. మేమిద్దరం నవ్వలేక కూలబడ్డాం.

ఆ నెలంతా పొద్దున్నే సాధన. తరువాతి రిహార్సలుకు ఆమెను వెంటబెట్టుకుని మేడ్చల్ వెళ్ళాను. కార్యదర్శి రికార్డింగు మనిషిని పిలిపించి సిద్ధంగా ఉంచారు. నేను సీసం పాడాను. రాగానికి ముందు అందరూ చూస్తుండగానే ఊపిరి పీల్చాను, దాచలేదు. చివరి స్వరం ఆగేదాకా శ్రుతి జారలేదు. కార్యదర్శి ఆ మనిషి వైపు తిరిగి, "టీ తాగి వెళ్ళండి. పనేం లేదు" అన్నారు. వెనుక బెంచీ మీద మాణిక్యమ్మగారు అరచేతిని నేలకు సమంగా, కదలకుండా పట్టుకుని నాకు చూపించారు. ఆ సంవత్సరం నాటకంలోనూ ముందు వరుసలో ఆ చెయ్యి అలాగే నిలిచింది.

మాఘంలో ఆమె వెళ్ళిపోయారు. యంత్రాన్ని నాకిమ్మని ముందే చెప్పి ఉంచారట. అన్నగారు తెచ్చి ఇస్తూ, "పుల్ల గూడ అండ్లనే ఉన్నది" అన్నారు. అప్పటి నుంచి ఎవరిలోనైనా వంకర కనబడితే ముందు ఆ లోహపు కొక్కెం గుర్తుకొస్తుంది. శిష్యుడు తప్పు చదివాడనిపిస్తే నా చెవినీ, వంట ఉప్పన అనిపిస్తే నా నాలుకనూ ఒకసారి సరిచూసుకుంటాను. నా భార్య ఈ మార్పును మాణిక్యమ్మగారు మాకిచ్చిన అసలు ఆస్తి అంటుంది. ఈ ఉదయం కూడా కొలతతీగను కొక్కేనికి తగిలించి, వెదురుమొనతో వెంట్రుకవాసి తిప్పి, మూలలు నిలిచాకనే మైకు అందుకున్నాను.

పై మాటలు రాసిన మూడవనాడు, శ్రావణ శుద్ధ ద్వాదశి నాడు, మేడ్చల్‌లో నాటకం జరిగింది. ముందు వరుసలో ఆమె కూర్చున్న చోట ఆమె అన్నగారు కూర్చున్నారు. పద్యాలన్నీ నేనే పాడాను. సీసం చివర ఊపిరి తీసుకున్నాను.