మాస్టారు ముందుగా తిన్న చేప

వంట మాస్టారు పోయారని మొన్న ఆదివారం నరసాపురం నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న డైరీలో మీ నంబరుంది అంకుల్" అన్నాడు. ఎవరి దగ్గరో సంపాదించి రాసుకున్నారట. ఇన్నేళ్ళలో నేను మాత్రం ఆయనకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడైనా చెప్పుకోవాలి.

ఎనభైల్లో మేమిద్దరం బహ్రెయిన్‌లో పనిచేశాం. బుసైతీన్‌లో ఒక ఫ్రెంచి ఇంజినీరు ఇల్లు. ఆయన వంట, నేను డ్రైవరు. వాళ్ళకు అయిదేళ్ళ పాప. మదామ్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం, చేపల చీటీ ఫ్రెంచిలోనే రాసి, ఒకసారి పైకి చదివి ఇచ్చేది. మాస్టారు ఆ మాటలన్నీ చర్చి పాటల పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో తెలుగులో రాసుకున్నారు. పువాసోన్ అంటే చేప. క్రెవెత్ రొయ్య. మెరూ అంటే అక్కడివాళ్ళు హమూర్ అనే చేప. సాన్‌జారెత్ అంటే ముల్లు లేకుండా. ముహర్రక్ వంతెన మీద కారు పోతుంటే ప్రార్థన చెప్పుకున్నట్టు వల్లించేవారు. నన్నూ వదిలేవారు కాదు.

"ఏవయ్యా, రేపు నాకు జొరవొత్తే నువ్వే కొనాలి. ఫ్రే అంటే ఏంటో చెప్పు?"

"తాజాది. నాకెందుకు మాస్టారూ గివన్నీ, బండి నడిపేటోణ్ణి!"

మార్కెట్లో మాత్రం ఆయన నోరు విప్పేవారు కాదు. మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, వాసన చూసి తల ఊపేవారు. ఆ తల ఊగకపోతే బేరమే లేదు.

ఒక వేసవిలో సముద్రంలో ఎక్కడో చమురు ఒలికిందన్నారు. అరాద్ ఒడ్డుకు నల్లటి జిడ్డు, చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయి. పొద్దున కారు తలుపు తీస్తే కిరోసిన్ లాంటి వాసన. మార్కెట్లో సగం బల్లలు ఖాళీ, మిగిలిన సగం దగ్గర అరుపులు లేవు. నాకు ఆ నిశ్శబ్దానికే భయం వేసింది. అప్పుడే మాస్టారి వీసా గడువు దగ్గరపడింది. సార్ సంతకం పెట్టకపోతే ఇంటికి పోవడమే.

అలాంటి రోజుల్లో సార్ ఆఫీసువాళ్ళకు విందు. చీటీలో మెరూ. మాస్టారు మార్కెట్టంతా తిరిగి ఖాళీ సంచీతో వచ్చి, "పా ఫ్రే, మదామ్" అన్నారు. తాజాగా లేదని. ఆమె నేర్పినవన్నీ కొనడానికి పనికొచ్చే మాటలే. వద్దనడానికి ఈ రెండూ ఆయనే కూర్చుకున్నారు. మదామ్ ముఖం ఎర్రబడింది. చీటీ లాక్కుని నా చేతిలో పెట్టింది.

నేను వెళ్ళాను. చేప కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. చూశాను. "ఫ్రెష్ హై భాయ్" అన్నాడు అమ్మేవాడు. నా ఉద్యోగం నాకు గుర్తొచ్చింది. కొన్నాను.

మాస్టారు సంచీ విప్పి మొప్ప ఎత్తి చూశారు. "నిమ్మకాయ పిండితే వాసన పోద్ది. లోపలున్నది పోద్దా? వండకపోతే నన్ను పంపేత్తారు. వండితే ఆ చంటిది తింటాది" అన్నారు.

వండారు. ఏ చేపయినా మొదటి ముక్క తాను తిన్నాకే బల్ల మీదకు పంపడం ఆయన పద్ధతి. ఆరోజు ముక్కతో ఆగలేదు, నిలబడే పళ్ళెం నిండా తిన్నారు. "నాకేం కాకపోతే పంపుదాం. నువ్వు గడియారం చూత్తా ఉండు" అన్నారు. అరగంట గడిచింది. ఉల్లిపాయలు తరుగుతున్నారు. గంట గడిచింది. స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. సాయంత్రం నమాజు పిలుపు వినపడేసరికి సింకు మీదకు వంగి వాంతులు.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మదామ్ వచ్చి ఏడ్చింది. సార్ ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు. నేను మంచం దగ్గర తల వంచుకుని నిలబడితే, "నీకు తెలవక కొన్నావు. ఇకనించి ముందు చేప కళ్ళు చూడు, తరవాత చీటీ చూడు" అన్నారు.

చూసే కొన్నానని చెప్పలేకపోయాను. ఉత్తరం రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆ ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయేది. మాస్టారూ, నన్ను క్షమించండి.

ఆ విందు సాయంత్రం ఆయన్ను ఆసుపత్రికని కారెక్కిస్తూ వెనక్కి చూశాను. వంటింటి వెనక గోడవార మదామ్ ఆ చేప ముక్కలు కుమ్మరించి నిలబడి ఉంది. ఆబగా ఉరికొచ్చిన వీధి పిల్లులు వాసన చూసి, ఒక్కొక్కటిగా వెనక్కి జరిగాయి.