ఘాటు రాని మిరపకాయలు

పెనంలో ఎండుమిరపకాయలు నల్లబడుతున్నాయి. పొగ లేస్తోంది. ఘాటు మాత్రం రాలేదు.

ముందు రోజు మా నాలుగేళ్ళవాడి ఫొటో స్టేటస్‌లో పెట్టాను. తెల్లారేసరికి వాడికి జ్వరం. డాక్టరు చూసి, మామూలు జ్వరమే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందన్నారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆయన మాట నమ్మాను. అయినా పొద్దు వాలగానే గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలు పట్టుకుని వాడి చుట్టూ తిప్పి దిష్టి తీశాను. కల్లూరులో ఈ ఇల్లు మాకు కొత్త. ఇరుగుపొరుగు ఇంకా పరిచయం కాలేదు. మా ఆయన బెంగళూరు నుంచి శనివారాలే వస్తారు. ఏదో ఒకటి చేయకుండా వాడి పక్కన కూర్చోలేకపోయాను.

మిరపకాయలు కాల్చినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టని మావాళ్ళ నమ్మకం. కమలాపురంలో ఉన్న అత్తకు ఫోన్ చేశాను.

"రాలేదా? నేను చెప్పలే! పిల్లోన్ని ఊరందరికీ చూపిస్తాండావు. చూసినోళ్ళ పేర్లు అండ్లోనే కనపడతాయంట కదా, చదువు."

"అందరికన్నా ముందు చూసింది నువ్వే అత్తా."

"నా కన్ను తగల్దులేమ్మా. మిగతావి చదువు."

నవ్వు రావాల్సింది, రాలేదు. ఫోన్‌లో ఆ పేర్లు చూస్తూ పోయాను: నాతో చదువుకున్నవాళ్ళు, పెళ్ళిళ్ళలో కలిసే బంధువులు. వాడికి జ్వరమని వీళ్ళలో ఒక్కరికీ చెప్పుకోలేదు. కానీ ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి అనుమానించాను.

ఇంతలో ముందు గదిలోంచి ఆరేళ్ళ మా అమ్మాయి దగ్గుతూ వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏం కాలుస్తాండావు మా? ముక్కు మండుతాంది!"

కిటికీ గాలి పొగను నా దగ్గర నిలవనీయకుండా ఇంట్లోకి తోసేసింది. మరి నాకు ఏ వాసనా ఎందుకు తెలియలేదు? ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. వారంగా నాకు జలుబు. వాడి ఒళ్ళు పట్టి చూడడమే తప్ప నన్ను నేను చూసుకోలేదు, అడిగేవాళ్ళూ లేరు. గ్యాస్ కారినా నాకు తెలిసేది కాదు. ఈ ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. రెగ్యులేటర్ కట్టేశాను.

తెల్లారేసరికి వాడికి చెమట పట్టి జ్వరం దిగింది. మందుకో, మిరపకాయలకో, అత్తతో వాదించలేదు. పిల్లలిద్దరినీ వంటింటి గడప దగ్గర నిలబెట్టి చెప్పాను.

"అమ్మకు వాసన తెలీడంల్యా. స్టవ్ వెలిగించేముందు గ్యాస్ వాసన వస్తాందేమో మీరే చూసి చెప్పాల."