అరవై నాలుగు సీసాల నీళ్ళు

ఛాన్సలర్ కూర్మనాథం గొంతు సవరించుకుంటే నౌపడ ఉప్పుమళ్ళలో కొంగలు లేచిపోతాయని టెక్కలి దగ్గరి ఆ యూనివర్సిటీ పిల్లలు చెప్పుకుంటారు. కొంగల సంగతి ఎలా ఉన్నా, రోజూ పొద్దున్న కాంటీన్లో పిల్లల మధ్య కూర్చుని, ఉప్మా తింటూ ఆయన కోసే కోతలు మాత్రం నిజం. తుఫానులో జీడిచెట్టెక్కి గాల్లో తేలుతూ బారువ దాకా వెళ్ళొచ్చానంటాడు. చెట్టుకు ఒక్క పిక్క రాలలేదని కూడా అంటాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. అలా నవ్వినవాళ్ళే మర్నాడు తమ కష్టం చెప్పుకోవడానికి ఆయన గదికి వస్తారు. కాంపస్ నడపడంలో ఆయనకు తెలిసిన కిటుకు అదొక్కటే.

ఆ గురువారం మాత్రం ఆయన ఉప్మా ముట్టలేదు.

పదకొండింటికి సభ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చే పనిలో ఆ యూనివర్సిటీ వంతుగా పదిహేను ఊళ్ళ బావినీళ్ళు పరీక్షించింది. తేడా కనబడిన ఊళ్ళను ఐదేళ్ళ పరిశోధనలోకి తీసుకుని, ఇంటింటికీ ఏటా రక్తపరీక్షలు చేస్తారు. మిగతావాటిని వదిలేస్తారు. ఆ జాబితా ఇవాళ ఆయనే చదవాలి. సంతబొమ్మాళి దాటాక కొబ్బరితోటల్లో ఉన్న ఆయన సొంతూరు కూడా ఆ పదిహేనులో ఒకటి.

పదిన్నరకు యామిని ఆయన గదిలోకి వచ్చింది. నీళ్ళ పరీక్షలన్నీ చేసింది ఆ అమ్మాయే.

“సార్, మీ ఊరిని వదిలేయాల్సి వస్తోంది. అరవై నాలుగు సీసాలూ బాగున్నాయి.”

“బాగుంటే మంచిదే కదమ్మా?”

“మరీ బాగున్నాయి సార్. అరవై నాలుగు బావులకూ ఒకే అంకె వస్తుందా? రెండోసారి చేసినా అంతే.”

“అయితే మా ఊరోళ్ళు అబద్ధమాడారంటావా?” ఆయన గొంతు లేచింది.

లేవదా మరి! మిగతా ఊళ్ళలో సీసా చూడగానే తలుపులు వేసుకున్నారు. ఇదివరకు ఎవరెవరో వచ్చి రక్తమూ నీళ్ళూ పట్టుకెళ్ళి, ఏం తేలిందో మళ్ళీ వచ్చి చెప్పలేదని వాళ్ళ కోపం. సొంతూళ్ళో మాత్రం కూర్మనాథమే ఇల్లిల్లూ తిరిగి, “మన యూనివర్సిటీకే, నా పరువు నిలబెట్టండి” అన్నాడు. ఒక్కరోజులో అరవై నాలుగు సీసాలు వచ్చాయి. కాంటీన్లో రెండో టీ పూర్తయ్యేసరికి ఆయన కోతల్లో అవి ఆరొందలయ్యాయి.

ఇంతలో తలుపు తోసుకుని, సభకోసం ఊరివాళ్ళతో బస్సులో దిగిన ఆయన వదిన అప్పలనరసమ్మ వచ్చేసింది.

“ఏటి మరిదీ, మొకం అలా ఏలాడేసినావు? నీ పరువు నిలబెట్టినామా నేదా?”

“వదినా, ఆ నీల్లు ఎక్కడివి?”

“ఎక్కడివేటి? రోడ్డుమీద ఫిల్టరు మిషను నీల్లు బిందెలతో తెచ్చి అందరికీ నానే పంచినాను. సదువుకున్నోల దగ్గిరికి బావినీల్లు పంపుతామేటి? ఇన్నేల్లలో నీకైనా ఏనాడన్నా పోసినానా?”

యామిని పెన్ను కింద పెట్టేసింది. సభకు ఇంకా పది నిమిషాలే మిగిలాయి.

కూర్మనాథం జాబితా చేతిలోకి తీసుకున్నాడు. ఊరిని వదిలేసినట్టు చదివేస్తే ఎవరూ అడగరు. కానీ వదిన పెద్దకొడుకు చిన్నారావు వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఊరిని వదిలేస్తే వాడి తమ్ముడికీ, పిల్లలకీ ఇక పరీక్షలుండవు. నిజం చెబితే పదిహేను ఊళ్ళ మందిలో ఊరి ఆడవాళ్ళకు తలవంపు.

సభలో ఆయన గొంతు మూడో వరుస దాటలేదు. “మా ఊరి ఫలితం చదవను. తప్పు నాది. పరీక్ష అని చెప్పాల్సిన చోట పరువు అన్నాను. చుట్టంలా అడిగితే చుట్టానికిచ్చే మంచినీళ్ళే ఇచ్చారు. మళ్ళీ తీస్తాం.”

మూడో వరుసలోంచి ఎవరో, “ఆరొందల సీసాలని ఇన్నామే బావూ!” అన్నారు. హాలు ఘొల్లుమంది. అప్పలనరసమ్మ లేచింది.

“అయితే నాను మోసం సేసినానా?”

“నువ్వు కాదొదినా...”

ఆమె ఆగలేదు. ఆమె వెనకే ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళిపోయారు. కొత్త సీసాలు మర్నాటి పొద్దుటికల్లా లాబ్‌లో లేకపోతే ఆ ఊరిని లెక్కలోకి తీసుకునేది లేదని పరిశోధన కమిటీ ఫోన్లో తేల్చేసింది.

మధ్యాహ్నం యామినితో కలిసి ఆయన ఊళ్ళో దిగేసరికి ఒక్క తలుపూ తెరిచి లేదు. పిలిచాడు, బతిమాలాడు. చివరికి వదిన అరుగుమీద సీసాల పెట్టె పక్కన కూలబడ్డాడు. లోపల గిన్నెలు చప్పుడవుతున్నాయి గానీ మనిషి రాలేదు.

నాలుగింటికి పలాస నుంచి ఆటో వచ్చి ఆగింది. చేతికి కట్టుతో చిన్నారావు దిగాడు. బాబాయిని చూశాడు, ఖాళీ సీసాలు చూశాడు. బావి దగ్గరికి నడిచి చేద వేశాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. “ఒరే! ఆ సేత్తో తోడతావేటిరా! బరువెత్తొద్దని డాక్టరు సెప్పనేదా!”

“నువ్వు తోడితే నానెందుకు తోడతానే?”

ఆమె తాడు లాక్కుంది. నిండిన చేద గట్టుమీదికి లాగి, కూర్మనాథం చేతిలోని సీసా ఊడలాక్కుని బావినీళ్ళతో నింపింది. మూత బిగించి యామినికిచ్చింది.

“ఏటుంటే అదే రాసుకో. బాగా నేకపోతే నేదనే రాయి. ఏటి తేలినా ఇక్కడికొచ్చి నాకు సెప్పాల.”

“నేనే వచ్చి చెబుతానండీ.”

అప్పలనరసమ్మ కొంగు బిగించి సీసాల పెట్టె చంకనెత్తుకుంది. పక్కింటి తలుపు దబదబా బాదింది.

“నూకాలూ! బావినీల్లే పొయ్యి. మొకమాటం పడకు!”

మూడో ఇంటికి వచ్చేసరికి, సీసాలమీద పేర్లు రాయలేక యామిని వెనకబడిపోయింది.