ఎకరంన్నర దేశానికి కొట్టిన నోట్లు

పాల్వంచలో మా స్క్రీన్ ప్రింటింగ్ షాపు అబ్బాజాన్ కాలం నుంచి ఉంది. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, రబ్బరు స్టాంపులు చేస్తాం. ఒక దేశానికి కావలసిన సామానంతా చేసిపెట్టింది మాత్రం నేనే. ఆ గొప్పతనం మా అబ్బాజాన్‌కు దక్కలేదు.

ఆ పెద్దాయన మొదటిసారి షాపుకు వచ్చినప్పుడు ఏ షష్టిపూర్తి కార్డులకో అనుకున్నాను. థర్మల్ కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైన మనిషి. కూర్చోమనకముందే కూర్చుని, చేతిసంచిలోంచి నోటుబుక్కు తీశాడు.

"భాయ్, నాకో జెండ కావాలె. ఒక ముద్ర కావాలె. నోట్లు గూడ కావాలె."

"ఏం నోట్లు కాకా?"

"మా దేశం నోట్లు."

నాకు కోపం తొందరగా వస్తుంది, పెళ్లిళ్ల సీజన్లో మరీను. పొద్దున్నే ఇంకెవరూ దొరకలేదా అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఆగాను. వేళాకోళం చేసే ముఖం కాదది.

సంగతేమిటంటే, భద్రాచలం అవతల అడవి అంచున ఆయన భార్య పుట్టింటివాళ్ల ఎకరంన్నర భూమి ఉంది. రిటైరయ్యాక అక్కడే రెండు గదులు వేసుకుని ఇద్దరూ ఉన్నారు. రాష్ట్రాలు రెండయ్యాక సరిహద్దు గీత ఆ చుట్టుపక్కలే ఎక్కడో పడింది. ఇంటి నంబరు కోసం ఇటు ఆఫీసుకు వెళితే అటు వస్తుందంటారు, అటు వెళితే ఇటే అంటారు. అలా ఆరేళ్లు తిరిగాడు. ఆ మధ్యలోనే ఆమెకు జ్వరం ముదిరింది. అంబులెన్సు బండి కోసం రెండు వైపులా ఫోన్లు చేస్తే, రెండు వైపులా ఒకటే అడిగారట, మీ ఊరు ఏ మండలం కిందికొస్తుందని. అది తేలేలోపే ఆమె పోయింది.

"ఎవ్వలది కాకపోతే నాదే గద భాయ్. గందుకే నేనే దేశమని రాసుకున్న," అన్నాడు.

నేను టీ తెప్పించాను.

నెల రోజులు వస్తూనే ఉన్నాడు. పచ్చ జెండా, మధ్యలో తన భూమి పక్క వాగుకు గుర్తుగా తెల్ల గీత. తెలుపు మాసిపోతుంది, ఉతికేదెవరని నేను. జెండాను ఉతకరు భాయ్ అని ఆయన. ముద్రలో ఇప్పపువ్వు. జాతీయ పక్షి అడవికోడి. అది కోసుకుతినే పక్షి కదా అంటే, "మా దేశంల కొయ్యం," అన్నాడు. రంజాన్‌కు మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి, తన రాజ్యాంగం గురించి మా ఆవిడకు అరగంట చెప్పాడు. ఆమెకు ఆయనంటే ఇష్టం కలిగింది. నాకూ కలిగింది, ఇప్పుడు దాచి లాభం లేదు.

నోటు పేరు ఇప్ప. ఒక ఇప్ప, అయిదు ఇప్పలు, పది ఇప్పలు. నోటు మీద భార్య బొమ్మ వేయాలన్నాడు. రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీయించిన ఫోటో ఇచ్చాడు. అందులో ఆమె కొంచెం బెదురుగా చూస్తోంది. అసలు నోట్లను పోలినవి కొడితే జైలని నాకు తెలుసు. అందుకే సైజు మార్చాను, రూపాయి గుర్తు పెట్టలేదు, మిగిలిపోయిన పసుపురంగు పెళ్లి కార్డుల మీద కొట్టాను. ఇంత జాగ్రత్త పడి ఒక్కచోట బోల్తా పడ్డాను. మా పనిలో ఏ కార్డు చేసినా అడుగున చిన్న అక్షరాలతో షాపు పేరు, ఫోన్ నంబరు వేస్తాం. అది చెయ్యి దానంతటదే చేసేసే పని, తల దాకా రాదు. ప్రతి ఇప్ప నోటు అడుగునా నా నంబరుంది. కట్టలు కట్టి ఇచ్చేటప్పుడు కూడా నేను చూసుకోలేదు.

ఆయన ఆ నోట్లు చుట్టుపక్కలవాళ్లకు ఇచ్చాడు. ఒక పూట కలుపు తీసినవాళ్లకు రెండు ఇప్పలు. వాళ్లు ఆ ఇప్పలు తిరిగిస్తే ఈయన వెళ్లి వాళ్ల మోటారు బాగుచేస్తాడు. అంతవరకు బాగానే ఉంది. ఎవరో ఒకామె వాటిని సంతలో ఎండుచేపల దగ్గర ఇచ్చింది. అక్కడినుంచి పోలీస్ స్టేషనుకు చేరాయి. నక్సలైట్లు తిరిగే మా వైపు అడవిలో కొత్త జెండా, కొత్త ముద్ర, సొంత నోటు దొరికితే పోలీసులు నవ్వరు.

మధ్యాహ్నం స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"నోటు మీదున్నది నీ నంబరేనా?"

"ఏం నోటు సార్?" అన్నాను.

"గా నోట్లు కొట్టిన స్క్రీన్ పట్టుకొని జల్దీ రా."

గోదావరి బ్రిడ్జి మీద బండి నడుపుతూ నేను ఆలోచించింది ఆయన గురించి కాదు. షాపుకు తాళం పడుతుంది. నన్ను లోపలేస్తారు. నా పేరు చూసి ఇంకేం కేసు కలుపుతారో. ఇవే నా తలలో తిరిగాయి.

స్టేషన్లో ఆయన ఎస్సై టేబుల్ ముందు నిలబడి ఉన్నాడు. టేబుల్ మీద మడిచిన జెండా, నోట్ల కట్టలు. పొద్దుటి నుంచి అది తన దేశమనే చెబుతున్నాడట. నన్ను గోడవార బెంచీ మీద కూర్చోబెట్టి, ఎస్సై ఒక నోటు ఎత్తి చూపించాడు.

"ఎవలు జెప్తే కొట్టినవ్? దీని ఎనుక ఎవలున్నరు?"

"నాకేం తెల్వద్ సార్. గిరాకీ వచ్చిండు. పిల్లల ఆటకన్నడు, కొట్టిచ్చిన."

"ఈయన ఎవలో తెల్వదా?"

"తెల్వదు సార్."

ఎస్సై ఆయన వైపు తిరిగాడు. "పొద్దుగాల్నుంచి దేశం దేశమంటున్నవ్. ఈయనేమో ఆటంటున్నడు. ఎవలది అబద్ధం?"

ఆయన దేశమని అంటే నేను తెలిసే కొట్టినట్టు. ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"అవ్ సార్, ఆటకే. ముసలోణ్ని గద, తోచక జేసిన. భాయ్‌కి నేనెవల్నో తెల్వదు."

రైటర్ స్టేట్‌మెంట్ రాయడం మొదలుపెట్టాడు. ఊరు పేరు అడిగి, మండలం, జిల్లా, రాష్ట్రం ఆయన్ను అడగకుండానే గబగబా రాసేసుకున్నాడు. ఆరేళ్లు ఏ ఆఫీసూ రాయని అడ్రసు. ఆయన వంగి దాన్ని చదివాడు.

"సార్, గా కాయితం నాకో జిరాక్స్ ఇస్తరా?"

రైటర్ నవ్వాడు. కానిస్టేబుళ్లు నవ్వారు. గండం గడిచిందన్న సంబరంలో నేనూ నవ్వాను. దానికి ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

"సంతకం పెట్టి గవన్నీ చింపెయ్," అన్నాడు ఎస్సై.

అది మందం కార్డు, కట్టగా పట్టుకుంటే చిరగదు. ఆయన ఒక్కొక్క నోటే తీసి, భార్య ముఖానికి తగలకుండా పక్కనుంచి చింపుతున్నాడు. ఎస్సై కాసేపు చూసి, "నడిమికి చింపు," అన్నాడు. ఆయన చేతులు ఆగిపోయాయి. ఇంకా మొదటి కట్ట కూడా కాలేదు. లేచి వెళ్లి ఆ కట్టలు నేను తీసుకోవాలనిపించింది. కానీ ఆయన ఎవరో నాకు తెలియదని అప్పటికే చెప్పేశాను. తెచ్చిన స్క్రీన్ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని బెంచీ మీదే కూర్చున్నాను. ఆయనే చింపాడు, అన్నీ, నడిమికి.