చార్టుకెక్కని తట్టలు

ఆనందకుమార్ మాస్టారికి యాభై మూడో ఏట మళ్ళీ పలక పట్టాల్సి వచ్చింది. ఈసారి పలక పేరు టాబ్లెట్టు. వన్‌టౌన్‌లోని ఓ పాత గోడౌనులో నడిచే ‘తీరం’ మహిళా కబడ్డీ క్లబ్బుకి ఆయన ఇరవై రెండేళ్ళుగా స్కోరరు, సహాయ కోచ్, అవసరం పడితే మ్యాట్లు తుడిచే మనిషి కూడా. ఎవరు ఎన్నిసార్లు కూతకెళ్ళారు, ఎన్ని పాయింట్లు తెచ్చారు అన్నీ అట్టపుస్తకాల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టేవాడు. అలాంటి మనిషి చేతిలో కొత్త సెక్రటరీ ఉదయ్‌కుమార్ ఫిబ్రవరిలో ఓ టాబ్లెట్టు పెట్టి, “ఇకమీదట జట్టు ఎంపిక డేటా ఎనలిటిక్స్ ప్రకారమే మాస్టారూ. ఆన్‌లైన్ కోర్సు ఉంది, నేర్చేసుకోండి” అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేర్చేసుకోండి! రెండు ఇడ్లీలు తినేయండి అన్నంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, మాస్టారు పాఠానికి కూర్చునేవాడు. ఒక్కో వీడియో నాలుగేసిసార్లు చూస్తే గానీ బుర్రకెక్కేది కాదు. ఓసారి పేర్ల వరుస సర్ది అంకెల వరుస సర్దడం మర్చిపోతే, ఒక్క పాయింటూ తేని పిల్ల క్లబ్బులో అందరికన్నా మొనగత్తె అయి కూర్చుంది. అయినా పట్టు వదల్లేదు. మొదటి గీతల చార్టు తెర మీద వచ్చిన రోజున, పుట్టిన బిడ్డను చూపించినట్టు భార్య ఫ్లోరెన్స్‌కి చూపించాడు. సీతమ్మధారలో ఓ క్లినిక్‌లో నర్సు ఆవిడ. “బాగుందండీ, మన క్లినిక్‌లో జ్వరం చార్టులాగే ఉంది” అంది.

మార్చి నుంచి వారానికి రెండుసార్లు, పొద్దున్న ఆరింటికి, పిల్లలందరికీ ఎగురుడు పరీక్ష. చాప లాంటి ఓ పరికరం మీద నిలబడి ఎగిరితే ఎన్ని సెంటీమీటర్లు లేచారో టాబ్లెట్టు చెబుతుంది. కాళ్ళలో సత్తువ ఎంతుందో దానివల్ల తెలుస్తుందని పాఠంలో చెప్పారు. అక్టోబరు వచ్చేసరికి రాష్ట్ర లీగుకి పన్నెండు మంది పేర్లు పంపాల్సి వచ్చింది. వచ్చే శుక్రవారం ఆఖరు. మాస్టారు అంకెలన్నీ కలిపి, జీవితంలో మొట్టమొదటి రిపోర్టు తయారుచేసి, గర్వంగా సెక్రటరీ ముందు పెట్టాడు. అందులో అట్టడుగున ఉన్న పేరు అనూరాధది.

చేపలవాళ్ళుండే జాలారిపేట పిల్ల, ఇరవై ఏళ్ళు. సాయంత్రం మ్యాచిల్లో ఆమె కూతకెళితే అవతలి కోర్టు ఖాళీ అయ్యేది. కానీ రిపోర్టులో ఆమె గీత వేసవిలో ముప్ఫై ఎనిమిది దాకా లేచి, జూన్ మూడోవారంలో ముప్ఫై ఒకటికి జారి, అక్కడే ఉండిపోయింది.

“ఎండాకాలం ఫామ్, అంతే. ఇప్పుడు దిగిపోయింది. ఈ పిల్లని తీసేయండి” అన్నాడు ఉదయ్‌కుమార్.

“మ్యాచిల్లో బాగా ఆడతంది కదా సార్?”

“కథలొద్దు మాస్టారూ. రిపోర్టు మీదే కదా?”

మాస్టారు టాబ్లెట్టు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. నిజమే, గీత గీసింది తనే. ఆ ఆదివారం అన్నం ముందు కూర్చుని జరిగింది చెప్పుకున్నాడు. ఓ ఆడపిల్ల దారికి తన చేత్తో తానే అడ్డుకట్ట వేశానని బాధపడ్డాడు.

ఫ్లోరెన్స్ సంగతి విని, చారు పోస్తూ అడిగింది. “మెట్లెక్కి వచ్చినోళ్ళకి ఎంటనే బీపీ చూస్తే నూట అరవై ఉంటాది. అది రోగం కాదండీ, మెట్లు. అందుకే ముందు కూకోబెట్టి, ఎక్కణ్ణుంచి వస్తన్నారమ్మా అని అడుగుతాం. ఆ పిల్లని అడిగేరా?”

అడగలేదు. ఎనిమిది నెలలు కొలిచాడు గానీ ఒక్కసారీ అడగలేదు. టాబ్లెట్టు తీసి గీత మళ్ళీ చూశాడు. ఏప్రిల్ మూడోవారంలో పైకి లేచింది, జూన్ మూడోవారంలో కిందికి దిగింది. ఫ్లోరెన్స్ భుజం మీంచి తొంగిచూసి, “ఈ రెండు నెల్లూ మనం ఎండుచేపలే కదండీ తిన్నాం” అంది.

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. వేట నిషేధం! ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా మరబోట్లు కదలవు, జాలారిపేటలో పనీ ఉండదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, వంటింట్లో కూరని బట్టి చెప్పగల తేదీలని చార్టులో పోల్చుకోలేకపోయాడు.

సోమవారం తెల్లవారకముందే స్కూటరు మీద ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాడు. అనుకున్నట్టే అనూరాధ కనిపించింది. బోటు దగ్గర్నుంచి వేలంపాట జరిగే చోటికి నెత్తిన చేపల తట్టతో వస్తోంది. చీలమండల దాకా తడి. మాస్టారిని చూసి రాయిలా నిలబడిపోయింది.

“సెక్రటరీ సార్‌కి సెప్పకండి మాస్టారూ. పేక్టీసుకి ముందు ఏ పనీ సెయ్యొద్దని రూలెట్టినారు గదా. మాయమ్మకి బుజం పట్టేసింది. నాను మొయ్యకపోతే ఎవులు మోత్తారు?”

“ఎన్ని తట్టలమ్మా?”

“ఆరో, ఏడో. బోట్లని బట్టి.”

తల్లి వేలం దగ్గర్నుంచి కేకేసింది. “ఏటే, అక్కడ ముచ్చట్లేటి? బేగి రా!”

పిల్ల పరుగెత్తింది. ఏడు తట్టలు మోసిన కాళ్ళతో వచ్చి, ఆరింటికి పరీక్ష చాప మీద ఎగురుతోందన్నమాట. ముప్ఫై ఒకటి కాదు, ఇరవై ఎగిరినా మెచ్చుకోవాల్సిందే.

అయితే అంకెల మనిషికి అంకెలే చూపించాలి. సాయంత్రం కొలుద్దామంటే ఉదయ్‌కుమార్ ఒప్పుకోడు. పొద్దుటి అంకెని సాయంత్రపు అంకెతో పోల్చకూడదు, అది పాఠంలోనూ ఉంది. తట్ట మోయని పొద్దు ఒక్కటైనా కావాలి. ఆ పిల్లకి మోయక తప్పదు. శుక్రవారం ఆగదు.

మంగళవారం మధ్యాహ్నం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, బోట్లు వేటకి పోకూడదన్నారు. ఊరంతా ముసురుని తిట్టుకుంటుంటే మన మాస్టారొక్కడే కిటికీ దగ్గర నిలబడి “స్తోత్రం ప్రభువా” అన్నాడు. అన్న వెంటనే సిగ్గుపడి, సముద్రం మీద ఎవరూ చిక్కుకోకూడదని ఇంకో ప్రార్థన చేశాడు.

బుధవారం పొద్దున్న ఆరింటికి అనూరాధ చాప మీద నిలబడి ఎగిరింది. ముప్ఫై ఐదు. నిన్నటి మోత బడలిక ఇంకా కాళ్ళలో ఉంది మరి. గురువారం సెక్రటరీని కూడా బతిమాలి రప్పించాడు. గోడౌను రేకుల మీద వాన ఫెళఫెళా కొడుతోంది. ఆ పిల్ల మోకాళ్ళు వంచి, చేతులు నడుముకి పెట్టి, ఎగిరింది.

ముప్ఫై తొమ్మిది.

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిషేధం తేదీలు, బోట్లు కదలని ఈ రెండు పొద్దులు ఒకే చార్టులో పెట్టి చూపించాడు. ఉదయ్‌కుమార్ దాన్ని చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు పాపం, తొందర మనిషి.

“అయితే ఇన్నాళ్ళూ మనం కొలిచింది తట్టలనా?” అన్నాడు. జాబితా మీద అనూరాధ పేరు తనే రాశాడు. పరీక్ష సాయంత్రానికి మార్చమన్నాడు. రూలు సంగతి ఎత్తలేదు.

పిల్ల మొదట నమ్మలేదు. “నిజంగానా మాస్టారూ? మరి మాయమ్మకి సెప్పీయొచ్చా?” అని రెండుసార్లు అడిగి, వానలోనే పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు పాత అట్టపుస్తకాలు దించాడు. పదకొండేళ్ళ కిందటి దాంట్లో రాధ అనే మరో పిల్ల పేరు పక్కన, తన ముత్యాల అక్షరాలతోనే, ‘ఉదయం బద్ధకం’ అని ఉంది. ఆ పిల్లని ఆ ఏడే జట్టులోంచి తీసేశారు. ఆమెదీ జాలారిపేటే. ఆయన పుస్తకం మూశాడు. తర్వాత టాబ్లెట్టులో పేరుకీ అంకెకీ నడుమ కొత్తగా ఓ గడి చేర్చాడు. ‘ఇవాళ ఏం పని చేశావు?’

సోమవారానికి సముద్రం తేరుకుంది, బోట్లు వెళ్ళొచ్చాయి. సాయంత్రం పిల్లలు వరుసగా వచ్చి ఆ గడి నింపారు. ఒకమ్మాయి ‘నిద్ర’ అని రాసింది, ఇంకొకమ్మాయి ‘కాలేజీ’ అంది. అనూరాధ వంతు వచ్చినప్పుడు వేలు ఓ క్షణం ఆగింది. మాస్టారి మొహం చూసి, దాచకుండా రాసింది.

‘ఏడు తట్టలు.’

తర్వాత చాప మీదికెక్కి ఎగిరింది.